తప్పిపోయిన ప్రతులు: లేవు

ప్రెస్సు గది
ఫిబ్రవరి 9

మావయ్యకు నమస్కారాలు.

ఫోను చేద్దామనే అనుకున్నాను. కానీ ముప్పై నాలుగేళ్లు తపాలా ఆఫీసులో ముద్రలు కొట్టే యంత్రం పక్కన కూర్చుని మీరు చెవులు పోగొట్టుకున్నారు. పోయినసారి అరగంట గొంతు చించుకుంటే చివర్లో "సరే, అందరూ బాగున్నారుగా" అన్నారు. అందుకే ఈ ఉత్తరం. జవాబు తొందరగా రాయండి, పీకల మీదకొచ్చింది.

నాన్న జనవరి నుంచి 'బాబిన్' నాకు అప్పగించారు. అప్పగించారంటే పని అప్పగించారు, పెత్తనం కాదు. నెలకి ఎనిమిది పేజీలు. ఏ పాత కుట్టుమిషనుకి ఏ స్ప్రింగు సరిపోతుంది, ఏ కంపెనీ షటిలు ఎందులో ఇరుక్కుంటుంది అని రాసే పత్రిక. ఇరవై రెండేళ్లుగా మిషన్లు బాగుచేసేవాళ్లు తప్ప ఇంకెవరూ చదవలేదు, వాళ్లు మాత్రం ఒక్క అక్షరం వదలరు. మొదటి పేజీ అడుగున నాన్న ప్రతి నెలా వేసే వరస మీకు తెలుసుగా: "ఇప్పటివరకు తప్పిపోయిన ప్రతులు: లేవు." పత్రికలో ఆయనకి అన్నిటికన్నా ఇష్టమైన వార్త అదే.

నిన్న మూడు వందల పదిహేడు ప్రతులు రిక్షాలో వేసుకుని ఆఫీసుకి వెళ్లాను. కౌంటరులో కొత్తాయన, మెడలో తాడుకి కళ్లద్దాలు వేలాడుతుంటాయి. నాలుగు కట్టలు విప్పి చూశాడు, కళ్లద్దాలు తీశాడు, "ఇవి చిరునామాలు కావమ్మా" అన్నాడు. ఈ ఏడాది నుంచి యంత్రం వచ్చిందట. చిరునామాలు ప్రమాణం ప్రకారం ఉంటేనే టోకు తపాలాకి రాయితీ అట. ఎర్ర ముద్ర ఒకటి కొట్టి, అరవై నాలుగు పేజీల పుస్తకం ఒకటి చేతిలో పెట్టాడు. ఇలా మూడుసార్లు తిరస్కరిస్తే పర్మిట్ రద్దు. పర్మిట్ లేకపోతే ఒక్కో ప్రతికీ పూర్తి స్టాంపు. అంత మోయలేం, పత్రిక ఆగిపోతుంది. పత్రిక ఆగితే నాన్న ఏమవుతారో ఆలోచించడానికే భయంగా ఉంది.

ఆ పుస్తకం చదివాను. "గమ్యస్థాన కట్ట." "అవశేష కట్ట." ఎవరి అవశేషాలు మావయ్యా? ఇది తపాలా పుస్తకమా, ఇంకేదన్నానా?

మీ కోడలు పిల్ల


రెండో అంతస్తు, మెట్లెక్కాక కుడివైపు
ఫిబ్రవరి 17

కోడలు పిల్లకు ఆశీస్సులు.

పోయినసారి నువ్వు ఫోన్లో అరిచినదాంట్లో సగం వినపడింది, సగం వినపడనట్టు ఊరుకున్నాను. ఉత్తరమైతే రెండుసార్లు చదువుకోవచ్చు.

ముందు ఆ కళ్లద్దాలాయన మీద కోపం తీసెయ్యి. ఆయన చెప్పింది నిజం. యంత్రానికి బుర్ర లేదు, ఒక్క కన్నే ఉంది. ఆ కన్ను చిరునామాని అడుగు నుంచి పైకి చదువుతుంది. అన్నిటికన్నా కింద ఊరు, పిన్‌కోడ్. దాని పైన పేట. దాని పైన ఇంటి నంబరు, వీధి. అన్నిటికన్నా పైన మనిషి. నాలుగు వరసలు, ఎడమ అంచుకి సమంగా, ఒకే సైజు అక్షరాలు. కామాలు అక్కర్లేదు. ఒక్క మాట మాత్రం గోడ మీద రాసి పెట్టుకో: పిన్‌కోడ్ కింద ఏమీ ఉండకూడదు. చుక్క కూడా. ఆ కింద ఖాళీ యంత్రానిది. అక్కడ ఏం రాసినా అదే ఊరనుకుని బయటికి విసిరేస్తుంది.

ఇక కట్టలు. ఒకే పిన్‌కోడ్‌కి పదీ అంతకన్నా ఎక్కువా ఉంటే వాటిని కలిపి కట్టు, పైన ఆ కోడ్ చీటీ పెట్టు. అదే గమ్యస్థాన కట్ట. పది కూడా లేక మిగిలినవన్నీ ఒక చోట కట్టు, అదే అవశేష కట్ట. పెళ్లి భోజనంలో ఏ బంతిలోనూ చోటు దొరకనివాళ్లని చివరి బంతిలో కూర్చోబెడతారే, అలాగన్నమాట. మొత్తం మూడు వందలకి ఒక్కటి తగ్గినా రాయితీ లేదు. అన్నీ ఒకే బరువు ఉండాలి.

బావ చిరునామాలు ఎలా ఉంటాయో నాకేం తెలుసు, నేనెప్పుడూ చూడలేదు. నువ్వే ఒకసారి నోటుబుక్కు తిరగేసి చూడు.

నాకు రాస్తున్నట్టు మీ నాన్నకి చెప్పకు. ఎనిమిదేళ్లుగా ఆయన నాతో మాట్లాడ్డం లేదు, ఇప్పుడు పోస్టాఫీసు పాఠాలు నా దగ్గర నేర్చుకుంటున్నావని తెలిస్తే నీతో కూడా మానేస్తాడు.

మావయ్య


ప్రెస్సు గది
ఫిబ్రవరి 24

మావయ్యా,

నోటుబుక్కు తిరగేశాను. ఏడవాలో నవ్వాలో తెలియడం లేదు, మీరే చదవండి.

"పనిచేయని గడియారం స్తంభం దాటాక మెట్ల కింద, నీలం తలుపు. తలుపు లేకపోతే గోనెపట్టా."

"బట్టల కొట్టు వెనక సందు. కుక్క ఉంటుంది, ఏమీ అనదు."

"మూడో మలుపులో ఎవర్నడిగినా చెబుతారు. పొడుగాయన."

ఒకచోట అయితే పేరు కింద "పాత చోటే" అని ఉంది. అంతే. పాత చోటు ఏదో ముందు పేజీల్లో ఎక్కడా లేదు!

"ఇలా రాస్తే ఎలా అందుతాయి నాన్నా?" అని అడిగాను. "ఇరవై రెండేళ్లు అందలేదా? ఒక్కటన్నా తప్పిపోయిందా? యంత్రానికి చదవడం రాకపోతే నేను రాయడం మార్చుకోవాలా?" అని కళ్లెర్ర చేశారు. నిజమే, అందాయి. అదే నాకు అంతు పట్టడం లేదు.

ఆయన తప్పు కూడా పూర్తిగా కాదు లెండి. మిషన్లు బాగుచేసేవాళ్లు నంబరున్న దుకాణాల్లో కూర్చోరు. మెట్ల కిందో, ఏదో దర్జీ కొట్టు మూలనో కూర్చుంటారు. ఆ చోటుకి నంబరు ఎవరిస్తారు?

నంబరూ వీధీ సరిగా లేనివి మొత్తం ఎనభై ఎనిమిది. జాబితా దీనితో పంపుతున్నాను. వీటిని ఎక్కడ వెతకాలో దారి చెప్పండి చాలు. మార్చి పదిహేనులోపు రెండోసారి ఇవ్వాలి. రాత్రీ పగలూ చిరునామా చీటీలే, కళ్లు మూసుకున్నా నాలుగు వరసలే కనిపిస్తున్నాయి.

మీ కోడలు పిల్ల


రెండో అంతస్తు, మెట్లెక్కాక కుడివైపు
మార్చి 7

అమ్మాయీ,

జాబితా తిప్పి పంపుతున్నాను. అరవై ఒకటి నింపాను. మెట్ల కింద ఉన్నవాళ్లకి ఆ మెట్లు ఏ మేడవో ఆ మేడ నంబరే వేసి, పక్కన "కింది భాగం" అని రాయి, ప్రమాణం ఒప్పుకుంటుంది. "పాత చోటే" అన్నాయన స్టేషను రోడ్డులో పన్నెండో నంబరు మేడ కింద ఉంటాడు. అంతకుముందు పక్క వీధిలో ఉండేవాడు, మూడేళ్లు అక్కడా ఇక్కడా తిరిగి మళ్లీ పాత చోటుకే వచ్చాడు. అందుకే బావ అలా రాసుకున్నాడు.

మిగతా ఇరవై ఏడూ నాకు తెలియవు. నేను ఆ ఊరొదిలి వచ్చేశాక మారినవాళ్లయి ఉంటారు. వాళ్లని పక్కన పెడితే నీకు మూడు వందలకి కాస్త తగ్గుతాయి, కొందరిని నువ్వే వెతుక్కోవాలి.

ఇవన్నీ నాకెలా గుర్తున్నాయని అడక్కు. తపాలా పనిలో ముసలైనవాడికి బుర్రలో ఊరంతా వీధులే ఉంటాయి. ఖాళీగా కూర్చుని ఆలోచిస్తే ఒక్కొక్కటే వచ్చాయి.

మావయ్య


ప్రెస్సు గది
మార్చి 20

మావయ్యా,

రెండో ఎర్ర ముద్ర కూడా పడింది. ఎవరి వల్లో తెలుసా? మీ బావ వల్ల.

మీరు పంపిన జాబితా చూసి పదిహేను మందిని సైకిలు మీద తిరిగి పట్టుకున్నాను. మూడు వందల అయిదు చీటీలు అచ్చు వేశాను. నాలుగు వరసలు, ఎడమ అంచు, పిన్‌కోడ్ అడుగున. నా జన్మలో అంత శుభ్రంగా ఏ పనీ చేయలేదు. పద్నాలుగో తారీఖు పొద్దున్నే కౌంటరుకి వెళ్లాను. కళ్లద్దాలాయన మొదటి కట్ట చూసి "భేష్" అన్నాడు. రెండో కట్ట తీశాడు. చీటీ నా వైపు తిప్పాడు. పిన్‌కోడ్ కింద సిరాతో, వణికే చేత్తో: "మెట్ల కింద, నీలం తలుపు."

నలభై మూడు చీటీల మీద ఉంది! నేను నిద్రపోయాక నాన్న లేచి, పోస్ట్‌మన్ దారి తప్పుతాడేమోనని పాపం ఒక్కొక్కరి దారీ రాసిపెట్టారు. అడిగితే "నువ్వు వేసిన వాటిలో మనిషెక్కడుంటాడో లేదు. మేడ ఉంది, మనిషి లేడు" అన్నారు. గట్టిగా అరిచాను మావయ్యా. వీధిలో వాళ్లు తలుపులు తీసి చూశారు.

అంతటితో పోతే బాగుండేది. గోరుచుట్టు మీద రోకలి పోటు అని, కోపంలో కాగితం కోసే మిషను కింద చీపురు పెట్టి లాగితే ఒక గోనెసంచి వచ్చింది. నిండా బాబిన్ ప్రతులు. పోయిన జూలై నుంచి జనవరి వరకు తిరిగొచ్చినవి. "చిరునామా అసంపూర్ణం" అని ముద్రలు. నాన్న దాచేశారు. దాచేసి, ప్రతి నెలా ముందు పేజీలో "తప్పిపోయిన ప్రతులు: లేవు" అని వేస్తూనే ఉన్నారు. సంచి చూపించి నిలదీస్తే ఏమన్నారో తెలుసా? "తప్పిపోలేదుగా, తిరిగొచ్చాయి." తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

జూలై నుంచే ఎందుకు మావయ్యా? అంతకుముందు ఇరవై ఒక్కేళ్లు ఒక్కటి కూడా తిరిగి రాలేదే?

ఇంక ఒక్క అవకాశమే ఉంది. మే పదిహేను ఆఖరు.

మీ కోడలు పిల్ల


రెండో అంతస్తు, మెట్లెక్కాక కుడివైపు
మార్చి 27

అమ్మాయీ,

బావ మీద అరవడం తప్పు. కట్టలు నీవి, చీటీలు నీవి, కానీ ఆ జనం ఆయన మనుషులు. ఒక్కొక్కరి దగ్గరికీ మొదట్లో తానే నడిచివెళ్లి చందా కట్టించుకున్నాడు. నీలం తలుపని రాశాడంటే ఆ తలుపు ముందు నిలబడ్డాడు కాబట్టి. నీకూ నాకూ నంబరు తెలుసు, ఆయనకి తలుపు తెలుసు. వెళ్లి సర్దిచెప్పు.

జూలై సంగతి నాకేం తెలుస్తుంది? కొత్త మనుషులు వచ్చి ఉంటారు, కొత్త పద్ధతులు. అన్నిటికీ కారణాలు వెతుకుతూ కూర్చుంటే ఆఖరి తేదీ ఆగదు. ఆ సంచి ముద్రలు మర్చిపోయి మిగిలిన పన్నెండు మందిని వెతుకు. కట్టలు కట్టాక తాళం వేసి పడుకో.

మావయ్య


ప్రెస్సు గది
ఏప్రిల్ 5

మావయ్యా,

గుమ్మడికాయల దొంగ అంటే మీరెందుకు భుజాలు తడుముకున్నారో ఇప్పుడు తెలిసింది.

నిన్న మెట్ల కిందాయన, అదే నీలం తలుపాయన, ప్రెస్సుకి వచ్చాడు. తొమ్మిది నెలలుగా బాబిన్ రాలేదని దెబ్బలాటకి వచ్చాడు. "పాత చిరునామాకే పంపుతున్నారా, మార్చేశారా?" అని జేబులోంచి ఒక పాత చుట్టుకాగితం తీసి బల్ల మీద కొట్టాడు. దాంట్లో సూదులు చుట్టుకున్నాడు, మిషను నూనె మరకలు. రెండేళ్ల కిందటి సంచిక మీదది.

నాన్న రాసిన "మెట్ల కింద, నీలం తలుపు" అన్నదాన్ని ఎవరో నీలం పెన్సిల్‌తో కొట్టేసి, పక్కన చిన్న అక్షరాలతో నంబరు, వీధి, పేట, కోడ్ రాశారు. కోడ్‌లో రెండు ఏడులు. రెండిటికీ నడుం మీద అడ్డగీత.

మీ ఉత్తరాలు తీసి చూశాను. ఫిబ్రవరి 17. మార్చి 7. మార్చి 27. మూడు ఏడులకీ నడుం కట్టు ఉంది.

పోయిన జూన్‌లో మీరు రిటైరయ్యారు. జూలై నుంచి ప్రతులు తిరిగొస్తున్నాయి. ఎనభై ఎనిమిదిలో అరవై ఒకటి మీరు బుర్రలోంచి రాశారు. "బావ చిరునామాలు నేనెప్పుడూ చూడలేదు" అని మొదటి ఉత్తరంలోనే అన్నారు, ఎవరూ అడగకుండానే!

ఇప్పుడు నిజం రాయండి. చెవులు వినపడవని ఊరుకోవడానికి ఇది ఫోను కాదు.

మీ కోడలు పిల్ల


రెండో అంతస్తు, మెట్లెక్కాక కుడివైపు
ఏప్రిల్ 11

అమ్మాయీ,

పట్టుబడ్డాను. రాస్తున్నాను.

మొదటి సంచిక నుంచీ నేనే దిద్దాను. ఆ రోజు బావ కట్టలు కౌంటరులో ఇచ్చి గర్వంగా వెళ్లిపోయాడు. గోడకి ఇటువైపు నా బల్ల. మొదటి ప్రతి చేతిలోకి తీసుకుంటే "రొట్టెల కొట్టు పక్కన, మీసాలాయన" అని ఉంది. అలాంటివి నలభై. అన్నీ వెనక్కి కొట్టెయ్యాల్సింది, రూలు అదే. కానీ ఇంటికి వెళ్తే మా అక్క ముఖం చూడాలి కదా. పోస్ట్‌మన్లని అడిగి ఒక్కొక్కటే నంబరు తెలుసుకుని పెన్సిల్‌తో రాశాను. మరుసటి నెల మళ్లీ అవే వచ్చాయి, మళ్లీ రాశాను. కొన్నాళ్లకి అవి చూడకుండానే చేతికి వచ్చేశాయి. నెలకి ఒక పూట, భోజనం మానేసి.

తప్పు నాదే. నేను మొదటి నెలే వెనక్కి కొట్టి ఉంటే బావ మొదటి నెలే నేర్చుకునేవాడు. చేసిన సాయం అలవాటైంది, అలవాటు ఆయనకి గర్వమైంది. "తప్పిపోయిన ప్రతులు: లేవు" అని వేసిన ప్రతిసారీ నాకూ గర్వంగా ఉండేది. ఎందుకబద్ధం, ఆ వరస నాది కూడా అనుకునేవాణ్ని.

ఎనిమిదేళ్ల కిందట మీ ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు నోరు జారాను. "బావా, నువ్వు రాసేవి చిరునామాలు కావు, దారి చెప్పడాలు" అన్నాను. అందరూ నవ్వారు. నువ్వు కూడా నవ్వావు. బావ లేచి లోపలికి వెళ్లి చందాదారుల రిజిస్టరులో నా పేరు కొట్టేశాడు. నాకు దిద్దడమే తప్ప వెక్కిరించే హక్కు లేదు. ఆ రోజు "నేను దిద్దకపోతే చూడు" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. మింగినందుకు ఇప్పటికీ సంతోషమే.

చందా పోయినా పత్రిక పోలేదు లే. ప్రతి నెలా ఒక ప్రతి చుట్టు విప్పకుండా పక్కనుంచి తొంగి చూసి చదివేవాణ్ని. మిషను కుట్టడం కూడా రాదు నాకు, బాబిన్ కేసు బిగించడం మాత్రం తెలుసు.

బావకి చెప్పకు. ఇరవై రెండేళ్ల గర్వం ఆయనది. అది నా పెన్సిల్ మీద నిలబడిందని తెలిస్తే ఈ వయసులో కూలిపోతాడు. నీకు దండం పెడతాను.

మావయ్య


ప్రెస్సు గది
ఏప్రిల్ 28

మావయ్యా,

మీ ఉత్తరం చదివి చాలాసేపు కోపమే రాలేదు. తర్వాత వచ్చింది. ఇద్దరు పెద్దవాళ్లు ఒకరినొకరు కాపాడుకుంటూ కూర్చున్నారు, ఎర్ర ముద్రలు నాకు!

సరే, నాన్నకి చెప్పలేదు. పాత చుట్టుకాగితాలు పనికొస్తాయని మాత్రం తెలిసింది. మిషను సామాన్ల టోకు దుకాణం ఉందిగా, మెకానిక్కులందరూ వారానికోసారి అక్కడికి రావాల్సిందే. ఆ షావుకారుని బతిమాలాను. "పాత బాబిన్ చుట్టుకాగితం తెచ్చిస్తే ఒక సూది ఉచితం" అని కౌంటరు మీద బోర్డు పెట్టాడు. రెండు వారాల్లో రెండు వందల పైన వచ్చాయట. స్క్రూలు చుట్టినవి, అద్దం వెనక అంటించినవి, ఒకాయన అయితే పదేళ్లవీ దారంతో కుట్టి తెచ్చాడు. నంబరు లేనివాటన్నిటి మీదా నీలం పెన్సిలే. షావుకారు మూట కట్టి రేపోమాపో పంపుతానన్నాడు. అవసరమైనవి అక్కడే కూర్చుని రాసుకొచ్చాను.

ఇప్పుడు లెక్క. దుకాణాలు మూసేసినవాళ్లు పోగా, చిరునామా నిలిచినవి రెండు వందల తొంభై తొమ్మిది.

అవును. ఒక్కటి తక్కువ.

కొత్త పేరు చేర్చడానికి లేదట. తిరస్కరణ నడుస్తుండగా కొత్త చందాదారులు లెక్కలోకి రారు, పాత రిజిస్టరులో కొట్టేసిన పేరు తిరిగి చేర్చుకోవచ్చు అన్నాడు కళ్లద్దాలాయన. ఆ పుస్తకం నలభై ఒకటో పేజీలో ఉంది. కొట్టేసిన పేర్లు పదకొండు. పది మందిలో కొందరు పోయారు, కొందరు పని మానేశారు. పదకొండోది మీది.

"ఔను, నన్ను చేర్చు" అని ఒక్క ముక్క రాయండి. మే పదిహేను ఆఖరు.

మీ కోడలు పిల్ల


రెండో అంతస్తు, మెట్లెక్కాక కుడివైపు
మే 3

అమ్మాయీ,

ఒప్పుకోను.

నీ కష్టం నాకు తెలుసు. కానీ ఆ పేరు నువ్వు కొట్టెయ్యలేదు. బావ కొట్టేశాడు. కొట్టేసిన చెయ్యే రాయాలి. ఆయనకి తెలియకుండా దొడ్డిదారిన నా పేరు దూర్చి పత్రిక బతికిస్తే, ఇరవై రెండేళ్లు చేసిన తప్పే మళ్లీ చేసినవాణ్నవుతాను. ఆయన వెనక ఇంకేదీ దిద్దను.

కోప్పడు, ఫరవాలేదు.

మావయ్య


ప్రెస్సు గది
మే 14

మావయ్యా,

కోప్పడ్డాను. మీ ఉత్తరాన్ని రెండు ముక్కలు చేశాను, మళ్లీ అంటించుకున్నాను. ఇద్దరికీ పంతాలే, మధ్యలో నేను రోకట్లో తల పెట్టాను అనుకుంటూ కౌంటరుకి గడువు అడగడానికి వెళ్లాను. ఇవ్వలేదు. కళ్లద్దాలాయన కూడా పాపం బాధపడ్డాడు, రూలు తనది కాదన్నాడు.

తిరిగొచ్చేసరికి ప్రెస్సు గదిలో నాన్న. నేను లేనప్పుడు షావుకారు మూట వచ్చింది. ఆయనే విప్పారు.

కాగితాలు కోసే బల్ల నిండా ఆ చుట్టుకాగితాలు పరిచి ఉన్నాయి, ఏ ఏడాదివి ఆ ఏడాది వరసగా. భూతద్దం పట్టుకుని ఒక్కొక్కటీ చూస్తున్నారు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

"ఇది వాడి ఏడు" అన్నారు.

అమ్మ అన్నానికి పిలిచినా రాలేదు. సాయంత్రానికి అమ్మే వచ్చి పక్కన కూర్చుంది. నాన్న ఒక కాగితం చూపించి, "ఇది చూడు, మేం మాటలు మానుకున్న తర్వాత నెలది. అప్పుడు కూడా దిద్దాడు" అన్నారు. అమ్మ "నాకు తెలుసు" అంది. నేనూ నాన్నా ఒకేసారి ఆవిడ వైపు తిరిగాం. "తమ్ముడు నెలకో పూట తిండి మానేస్తే అక్కకి తెలియదా?" అంది.

మీ ముగ్గురితో వేగలేను మావయ్యా.

మరునాడు నేనేం అడక్కుండానే నాన్న రిజిస్టరు తెప్పించుకున్నారు. కొట్టేసిన పేర్ల పేజీ తీశారు. ఎంతకాలం పడుతుందో అని నేను గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. పెన్ను తీసుకుని పదకొండో పేరు కింద మళ్లీ ఆ పేరే రాశారు. చీటీ అచ్చు వేస్తానంటే వద్దన్నారు, తన చేత్తోనే రాశారు. ఏం రాశారో నన్ను చూడనివ్వలేదు. తానే అవశేష కట్టలో పెట్టి, ముడి తానే వేశారు. ఒక్క చీటీ తప్పయితే మూడో ముద్ర. కానీ ఆయన చేతిలోంచి ఆ కట్ట లాక్కోవడానికి నాకు చేతులు రాలేదు.

ఇవాళ ఇచ్చాం. ఇద్దరం వెళ్లాం. కళ్లద్దాలాయన ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టాడు. మూడు వందలు. ముప్పై చీటీలు తీసి చూశాడు, అవశేష కట్ట పైనుంచి రెండు చూసి ఊరుకున్నాడు. నీలం ముద్ర కొట్టాడు. నేను ఏడ్చేశాను, కౌంటరు ముందే. నాన్న మాత్రం గోడకేసి చూస్తున్నారు. "ఆ గోడకి అటువైపేనా వాడి బల్ల?" అన్నారు.

ఇంకో సంగతి. మొదటి పేజీ అడుగు వరస ఈసారి ఆయనే కూర్చారు. ఏముందో చెప్పను. మీకే వస్తుంది.

మీ కోడలు పిల్ల


రెండో అంతస్తు, మెట్లెక్కాక కుడివైపు
మే 27

అమ్మాయీ,

బాబిన్ అందింది. పదమూడు రోజులు పట్టింది. ఎందుకు పట్టిందో చుట్టుకాగితం చూస్తే తెలిసింది. నాలుగు వరసలు బ్రహ్మాండంగా ఉన్నాయి. పేరు, నంబరు, పేట, కోడ్, అన్నీ ఎడమ అంచుకి సమంగా. కోడ్ కింద మీ నాన్న చేతిరాత: "మెట్లెక్కాక ఎడమవైపు."

యంత్రం విసిరేసింది. ఎవరో నీలం పెన్సిల్‌తో ఆ వరస కొట్టేసి పంపారు. నా బల్ల దగ్గర ఇప్పుడెవరు కూర్చుంటున్నారో తెలియదు. కలకాలం చల్లగా ఉండాలి.

మొదటి పేజీ అడుగు వరస చదివాను. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. "ఇప్పటివరకు తప్పిపోయిన ప్రతులు: తొంభై ఆరు. అన్నీ ఒక్క చిరునామావే. ఎనిమిదేళ్లు పంపలేదు, తప్పు పంపనివాడిదే."

మూడు వందల మంది ముందు అచ్చు వేశాడు బావ! నేను ఆయన గర్వం కూలిపోతుందని భయపడ్డాను. ఆయనని నేను అంత చిన్నవాడిగా ఎలా అనుకున్నానో. ఈ ముసలాడికి బుద్ధి లేదు, అంతే.

బావతో చెప్పు, మాది కుడివైపు. అక్క చెప్పి ఉంటుంది, దానికి చిన్నప్పటినుంచీ ఎడమా కుడీ తెలియవు. ఉత్తరంలో దిద్దితే ఆయన నమ్మడు, నేను కూడా ఇక దిద్దనన్నాను. తానే వచ్చి మెట్లెక్కి చూసుకోమను.

వచ్చేటప్పుడు ఆ తొంభై ఆరు ప్రతులూ తెమ్మను. రిటైరయ్యాక వచ్చినవి తప్ప అన్నీ చదివినవే. అయినా నా పేరు మీద వచ్చినవి కావు కదా.

మావయ్య